హెచ్ఐవీ ఉందని ఆపరేషన్ చెయ్యనన్న డాక్టర్లకి, ఫిర్యాదు తీసుకుని ఊరుకున్న అధికారులకి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని సర్జన్లకి, గైనకాలజిస్టులకి, ప్రైవేట్ ఆసుపత్రుల, నర్సింగ్ హోముల యాజమాన్యాలకి, వైద్యారోగ్య శాఖ అధికారులకి, ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీల వాళ్ళకి,

నమస్కారం.

ముందు ఆసుపత్రికే రాసిచ్చాం, జవాబు లేదు. తర్వాత జిల్లా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం, కాపీ మీద స్టాంపు వేసి ఇచ్చారు, అంతే. ఫోన్ చేస్తే సెక్షన్ క్లర్క్ గారు "సార్ క్యాంపులో ఉన్నారు" అంటారు, రిమైండర్ ఇస్తే దానికీ ఇంకో స్టాంపు. అందుకే ఇక అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నా. మా అక్క సరే అన్నాకే రాస్తున్నా. ఆమె పేరు, ఊరు, ఆసుపత్రి పేరు ఏవీ పెట్టట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రి సంగతి అయితే ఇంత పెద్ద లేఖ రాసే పనే లేదు.

జరిగింది క్లుప్తంగా చెప్తా. అక్కకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. నొప్పి వచ్చినప్పుడల్లా గిలగిల్లాడిపోయేది. స్కానింగ్ అయింది, సర్జన్ గారు చూశారు, లాప్రోస్కోపీ చేసేద్దాం, రెండో రోజే ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. అడ్మిట్ చేసి రక్తం తీశారు, దేనికి అని అడిగితే "రొటీన్ అమ్మా, వైరల్ మార్కర్స్" అంది సిస్టర్. అందులో హెచ్ఐవీ టెస్ట్ కూడా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు, సంతకం తీసుకోలేదు, కౌన్సెలింగ్ మాట దేవుడెరుగు. అక్క తానే డాక్టరు గారితో ఒంటరిగా చెప్పుకుందామని ఏఆర్‌టీ బుక్ (ఏఆర్‌టీ అంటే హెచ్ఐవీని అణిచే మందులు) కూడా బ్యాగులో పెట్టుకుని వచ్చింది, ఆ అవకాశం రాకముందే రిపోర్ట్ వచ్చేసింది. సాయంత్రానికి కేస్ షీట్ మీద ఎర్ర స్టిక్కర్, మంచం చుట్టూ కర్టెన్, పక్క బెడ్ వాళ్ళు వేరే వార్డు అడుగుతున్నారు, ఆయమ్మ దుప్పటి మార్చడానికి రాలేదు. పొద్దున్నే డ్యూటీ డాక్టర్ వచ్చి "మా దగ్గర ఇలాంటి కేసులకి ఫెసిలిటీ లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. సర్జన్ గారు మళ్ళీ కనపడలేదు. ఇంకో నర్సింగ్ హోముకి వెళ్తే అక్కడ వాళ్ళు చేస్తామన్నారు గానీ మామూలు ప్యాకేజీ మీద ఇంకో సగం కట్టాలంట, "హెచ్ఐవీ కిట్" ఛార్జీ అంట.

అక్కకి హెచ్ఐవీ ఎలా వచ్చిందో ఇక్కడ రాయను. ఫిర్యాదు తీసుకున్న ఆఫీసులో కూడా మొదట అడిగింది అదే. రాళ్ళు ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు మరి.

సరే, ఇప్పుడు అసలు విషయం. మీకు తెలియని సైన్స్ నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. కానీ అక్కతో పాటు ఏఆర్‌టీ సెంటర్‌కి తిరుగుతూ, అక్కడి కౌన్సెలర్ మేడం చెప్పింది వింటూ, దొరికింది చదువుతూ తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి, అవి చదువుకున్న మీ దగ్గర ఎందుకు పని చెయ్యట్లేదో నాకు అర్థం కాదు.

అక్క రోజుకి ఒక మాత్ర వేసుకుంటుంది. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిపిన మాత్ర, టీఎల్‌డీ అంటారు, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఆమె వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్ట్) రిపోర్ట్‌లో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది. అంటే వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోయిందని కాదు, మందు ఆపేస్తే మళ్ళీ లేస్తుంది, కానీ రక్తంలో మెషిన్‌కి కూడా దొరకనంతగా అణిగిపోయి ఉందని. ఇలా ఉన్నవాళ్ళ నుంచి సెక్స్ ద్వారా కూడా వైరస్ అంటదని తేలిపోయి ఏళ్ళయింది. 2011లో వచ్చిన హెచ్‌పీటీఎన్ 052 స్టడీలో భార్యాభర్తల్లో ఒకరికి హెచ్ఐవీ ఉన్న 1763 జంటలని తొమ్మిది దేశాల్లో చూశారు, మన చెన్నై, పుణె కూడా అందులో ఉన్నాయి, మందులు ముందే మొదలుపెట్టిన జంటల్లో రెండోవాళ్ళకి అంటడం 96 శాతం తగ్గింది. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ స్టడీ, 2016లో ఒకటి, 2019లో రెండోది. కండోమ్ లేకుండా కలిసిన సందర్భాలు మొదటిదాంట్లో 58 వేలు, రెండోదాంట్లో 76 వేలు లెక్కపెట్టారు, వైరల్ లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి అంటుకున్న కేసు ఒక్కటి లేదు. సున్నా. ఏళ్ళ తరబడి కాపురం చేసినా అంటని మనిషిని, గ్లౌజులు వేసుకుని గంటసేపు ముట్టుకోడానికి మీరు భయపడ్డారు.

సూది గుచ్చుకుంటే? అంటారు మీరు, న్యాయమైన భయమే, థియేటర్లో రోజూ సూదులు, కత్తులతో పని చేసేవాళ్ళు, నేను కొట్టిపారెయ్యను. లెక్క చూద్దాం. వైద్యం తీసుకోని హెచ్ఐవీ పేషెంట్‌కి వాడిన సూది గుచ్చుకుంటే వైరస్ అంటుకునే అవకాశం వెయ్యికి మూడు. వైరల్ లోడ్ అణిగిన పేషెంట్ అయితే దానికంటే చాలా తక్కువ. అదే హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోని స్టాఫ్‌కి, వందకి ముప్ఫై దాకా పోవచ్చు. హెపటైటిస్-సి వందకి రెండు దాకా. మరి మీ థియేటర్లో పని చేసే టెక్నీషియన్లలో, ఆయమ్మల్లో, చెత్త మూటలు మోసే కుర్రాళ్ళలో హెపటైటిస్-బి మూడు డోసులూ పడ్డవాళ్ళు ఎంతమంది? నేను అక్క ఉన్న ఆసుపత్రిలోనే ఒక వార్డ్ బాయ్‌ని అడిగా, ఆ టీకా పేరే వినలేదన్నాడు. స్టాఫ్ భద్రత కోసమే అక్కని పంపించాం అని మీరు చెప్పిన మాట నేను ఎలా నమ్మాలి?

ఒకవేళ గుచ్చుకున్నా దారి ఉంది. నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు, సబ్బూ నీళ్ళతో కడిగి వెంటనే పెప్ (వైరస్ పట్టుకోకుండా వేసుకునే మందుల కోర్సు) మొదలుపెట్టాలి, రెండు గంటల్లోపైతే చాలా మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ఈ మందు మీ ఆసుపత్రిలో ఏ అల్మారాలో ఉందో రాత్రి డ్యూటీ సిస్టర్‌కి తెలుసా?

అసలు తమాషా ఇంకోటి ఉంది. టెస్ట్ నెగటివ్ వచ్చిన పేషెంట్‌ని మీరు నిశ్చింతగా టేబుల్ ఎక్కిస్తారు. కానీ వైరస్ కొత్తగా సోకినవాళ్ళకి యాంటీబాడీలు కనపడడానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది, విండో పీరియడ్ అంటే అదే, ఆ టైములోనే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, రిపోర్ట్ మాత్రం నెగటివ్. అర్ధరాత్రి యాక్సిడెంట్ అయ్యి రక్తం కారుతూ వచ్చిన మనిషికి వైరల్ మార్కర్స్ చూసేంత టైమే ఉండదు. దేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో సుమారు ఐదో వంతు మందికి తమకి ఉందనే తెలీదని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి, అంటే వాళ్ళు మందులు కూడా వేసుకోవట్లేదు, వాళ్ళ రక్తంలో వైరస్ నిండుగా ఉంది, వాళ్ళు మీ ఓపీలో కూర్చునే ఉన్నారు. అందుకే కదా ప్రతి పేషెంట్ రక్తాన్నీ ఒకేలా చూడాలి, అందరికీ అవే జాగ్రత్తలు అని యూనివర్సల్ ప్రికాషన్స్ 1980లలోనే పెట్టారు. డబుల్ గ్లౌజు, కళ్ళద్దాలు, సూదికి మళ్ళీ క్యాప్ పెట్టకుండా పంక్చర్ అవ్వని డబ్బాలో వెయ్యడం, పనిముట్లు ఆటోక్లేవ్ చెయ్యడం. 121 డిగ్రీల ఆవిరిలో హెచ్ఐవీ బతకదు, బయట గాలిలోనే ఎక్కువసేపు నిలవలేని నాజూకు వైరస్ అది. దీనికి వేరే థియేటర్ అక్కర్లేదు, వేరే పనిముట్లు అక్కర్లేదు, రెండ్రోజులు గది మూసి పొగ పెట్టక్కర్లేదు. మీకు "ఇలాంటి కేసులకి ఫెసిలిటీ" లేకపోతే మామూలు కేసులకి కూడా లేనట్టే, అప్పుడు మీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న అందరి గురించీ నాకు భయమేస్తోంది.

చివరికి అక్క ఆపరేషన్ వేరే జిల్లాలోని ఒక టీచింగ్ ఆసుపత్రిలో అయింది. అక్కడి సర్జన్ గారు ఏఆర్‌టీ బుక్ తిరగేసి "మాత్రలు బాగా వేసుకుంటున్నావమ్మా, ఆపరేషన్ రోజు కూడా మానకు" అన్నారు, అంతే. స్టిక్కర్ లేదు, కర్టెన్ లేదు. ఆయనకీ వేళ్ళు ఉన్నాయి, ఆయనకీ పిల్లలు ఉన్నారు.

అయిపోయింది కదా ఇంకా ఎందుకీ గోల అంటారేమో. ఎందుకంటే వెనక్కి పంపిన ప్రతిసారీ నష్టం ఆ ఒక్క పేషెంట్‌తో ఆగట్లేదు. కింద రాసినవి ఊహించి రాసినవి కావు, ఏఆర్‌టీ సెంటర్ బెంచీ మీద కూర్చుంటే ఎవరైనా వినొచ్చు.

1. ఒకసారి గెంటించుకున్న మనిషి రెండోసారి నిజం చెప్పరు. మా అక్కే అంది, ఇంకెప్పుడైనా ఆసుపత్రికి వెళ్తే బుక్ ఇంట్లో పెట్టి వెళ్తానని. అలా చెప్పకపోతే ఏమవుతుందంటే, మీరు రాసే మందులకీ ఏఆర్‌టీ మందులకీ పడకపోవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్ డొలుటెగ్రావిర్‌ని రక్తంలో తగ్గించేస్తుంది, డోసు పెంచాలి, ఆ సంగతి చూసుకోవాల్సిన డాక్టరుకే తెలియకపోతే ఎవరు చూస్తారు? హెచ్ఐవీ ఉన్నవాళ్ళని ఎక్కువగా చంపేది టీబీయే అని మీకు నేను చెప్పాలా.

2. గర్భిణుల సంగతి ఇంకా దారుణం, ఇక్కడ కాస్త ఆగి చదవండి దయచేసి. ఏమీ చెయ్యకపోతే తల్లి నుంచి బిడ్డకి హెచ్ఐవీ అంటుకునే అవకాశం వందకి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి ఏఆర్‌టీ వేసుకుని, పుట్టిన బిడ్డకి వెంటనే నెవిరాపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు పడితే అది వందకి ఐదు లోపుకి వచ్చేస్తుంది, తల్లి వైరల్ లోడ్ ముందే అణిగి ఉంటే ఇంకా తక్కువ. ఇంత చక్కగా ఆపగలిగే జబ్బు ఇది. హెచ్ఐవీ ఉందని సిజేరియనే చెయ్యాలని కూడా లేదు. కానీ నొప్పులతో వచ్చిన పిల్లని "పాజిటివ్ కేసు, జీజీహెచ్‌కి పోండి" అని ఆటో ఎక్కించేస్తే ఆ ఇంట్లోవాళ్ళు తర్వాతి నర్సింగ్ హోములో నోరు మెదపరు. కాన్పు అయిపోతుంది, సిరప్ పడదు, ఎవరికీ తెలీదు. రెండేళ్ళకి ఆ బిడ్డ విరేచనాలతో, న్యుమోనియాతో పిల్లల డాక్టర్ దగ్గర తేలుతుంది. ఆ బిడ్డకి వైరస్ ఇచ్చింది తల్లా, ఆటో ఎక్కించినవాళ్ళా?

3. టెస్ట్ చేయించుకోడానికే జనం భయపడతారు. వైరస్ కన్నా ఊళ్ళో పేరు పోతుందన్న భయం ఎక్కువ. వార్డులో ఎర్ర స్టిక్కర్ చూసిన పక్క బెడ్ వాళ్ళు, వాళ్ళని చూడ్డానికి వచ్చిన చుట్టాలు, అందరూ ఆ రోజు నేర్చుకున్న పాఠం ఒక్కటే, ఐసీటీసీ (హెచ్ఐవీ టెస్ట్ చేసే ప్రభుత్వ కేంద్రం) వైపు పోకూడదని. టెస్ట్ లేదు కాబట్టి మందు లేదు, మందు లేదు కాబట్టి ఇంట్లో భార్యకో భర్తకో అంటుతుంది. నివారణ నివారణ అని డిసెంబర్ 1న ర్యాలీలు తీస్తారు మీరు, రిబ్బన్లు పెట్టుకుంటారు, నివారణకి అడ్డం పడేది మాత్రం మీ రిసెప్షన్ కౌంటరే.

4. డబ్బు. పాజిటివ్ అని తెలియగానే బిల్లు పెరుగుతుంది. అప్పు తెచ్చి కట్టేవాళ్ళు కడతారు, కట్టలేనివాళ్ళు నొప్పి భరిస్తారు.

5. పెద్దాసుపత్రి పోండి అంటే పేదవాళ్ళు అంత దూరం పోరు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. అక్కడ ఒకే సిరంజి ఇద్దరికి పడితే? 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో పదుల మందికి హెచ్ఐవీ బయటపడింది, ఒకే సూదితో ఇంజెక్షన్లు చేసిన నకిలీ డాక్టర్ వల్లే అని కేసు పెట్టారు. 2019లో పాకిస్తాన్ లర్కానా జిల్లా రతోడెరోలో వందల మంది చిన్నపిల్లలకి వచ్చింది, అక్కడా సూదులు మళ్ళీ మళ్ళీ వాడడమే ప్రధాన కారణంగా తేలింది. ఆ పిల్లల్లో చాలామంది తల్లులకి హెచ్ఐవీ లేదు. సురక్షితమైన చోట తలుపు మూస్తే జనం పోయేది అలాంటి చోటికే.

ఒక పక్క మాట. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎయిడ్స్ ప్రచారంలో భాగంగా గోడల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని రాసి ఉండేది, నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఊరంతా అదే మాట. దానివల్ల హెచ్ఐవీ గురించి మాట్లాడుకోవడం మొదలైంది, ఒప్పుకుంటా. కానీ ఆ రోజుల్లో పోస్టర్లలో ఎముకల గూడు, పుర్రె, "ఎయిడ్స్ అంటే మరణం" ఇవే. మందు రాకముందు కాలం అది. మన దేశంలో మొదటి కేసులు 1986లో చెన్నైలో బయటపడితే, ఉచిత ఏఆర్‌టీ మొదలైంది 2004 ఏప్రిల్ 1న, ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రుల్లో. 2017 నుంచి సీడీ4 కౌంట్ (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెట్టమన్నారు. వైద్యం ఇంత దూరం వచ్చింది, డాక్టర్ల బుర్రలో మాత్రం ఆ పుర్రె బొమ్మే ఉండిపోయింది అనిపిస్తుంది. ఇంకా ఒళ్ళు మండే సంగతి, ప్రపంచంలో ఎన్నో దేశాల పేషెంట్లు మింగే ఈ మాత్రలు తయారయ్యేది మన దగ్గరే. హైదరాబాద్ అరబిందో, హెటెరో, విశాఖ పరవాడలో ప్లాంట్లున్న లారస్, ఇవన్నీ హెచ్ఐవీ మందులు చేసేవే. ఆరు నెలలకి ఒక ఇంజెక్షన్‌తో హెచ్ఐవీ రాకుండా ఆపే లెనకపవిర్‌ని 2025 జూన్‌లో అమెరికాలో అనుమతించారు కదా, దాని జనరిక్ చేసే లైసెన్స్ కూడా డాక్టర్ రెడ్డీస్‌కి, హెటెరోకి ఉంది. ఆఫ్రికాలో బిడ్డల్ని కాపాడే మందు జీడిమెట్ల నుంచో పరవాడ నుంచో వెళ్తుంది, ఆ పక్క టౌన్‌లో మా అక్కకి మంచం దొరకదు.

చదివే మామూలు జనం కూడా ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రక్షణ లేని సెక్స్, టెస్ట్ చెయ్యని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకి, ఈ నాలుగు దారుల్లోనే హెచ్ఐవీ వస్తుంది. కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు, దగ్గితే రాదు, కౌగిలించుకుంటే రాదు. కండోమ్ సరిగ్గా వాడితే బాగా ఆగుతుంది, హెచ్ఐవీనే కాదు మిగతా సుఖవ్యాధుల్ని కూడా. రిస్క్ ఎక్కువున్నవాళ్ళు ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రలు ఉన్నాయి, డాక్టర్ సలహాతో, టెస్ట్ చేయించుకుని వాడాలి. పొరపాటు జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు పెప్ కోసం ఆసుపత్రికి పరిగెత్తండి, సిగ్గుపడుతూ కూర్చోకండి. ఐసీటీసీలో టెస్ట్ ఫ్రీ, ఎవరికీ చెప్పరు, అనుమానం ఉంటే 1097కి ఫోన్ చెయ్యండి, అదీ ఫ్రీ. ఇంజెక్షన్ వేయించుకునే ముందు కొత్త సిరంజి కవర్ మీ కళ్ళ ముందు చింపమనండి, మొహమాటం వద్దు. పాజిటివ్ అని తెలిస్తే మందు మాత్రం ఒక్క రోజు కూడా మానకండి.

ఇప్పుడు చట్టం. దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్ఐవీతో బతుకుతున్నారు, సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత ఆంధ్రప్రదేశే, 3 లక్షలకి పైగా. ఇంతమంది కోసం పార్లమెంటు 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. 3వ సెక్షన్ ప్రకారం హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, మధ్యలో ఆపెయ్యడం, తేడాగా చూడడం నిషేధం, వైద్యం కావాలంటే ముందు ఈ టెస్ట్ చేయించుకో అని షరతు పెట్టడం కూడా. 5వ సెక్షన్ ప్రకారం మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే టెస్ట్, దానికి ముందూ వెనకా కౌన్సెలింగ్. 8వ సెక్షన్, ఒకరి స్టేటస్ ఇంకొకరికి చెప్పకూడదు. 19వ సెక్షన్, రక్తం తగిలే పనిచేసే స్టాఫ్‌కి యూనివర్సల్ ప్రికాషన్స్ సామాను, ట్రైనింగ్, పెప్ ఇవ్వాల్సింది యాజమాన్యమే. అంటే ఈ చట్టం మీ స్టాఫ్‌ని కూడా కాపాడుతుంది, ఆ ముక్క ఎవరూ వాళ్ళకి చెప్పరు. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, మిలటరీ ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల హెచ్ఐవీ వచ్చిన ఒక ఎయిర్‌ఫోర్స్ మాజీ ఉద్యోగికి కోటిన్నరకి పైగా పరిహారం ఇమ్మంటూ, ఈ చట్టాన్ని సరిగ్గా అమలు చెయ్యమని ప్రభుత్వాలకి కూడా చెప్పింది. మరి మేం ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళిన ఆఫీసులో ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఎవరండీ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాబట్టి మేం అడిగేవి ఇవి. దయ చూపమని అడగట్లేదు, రాసి ఉన్నదే అడుగుతున్నాం.

1. అంబుడ్స్‌మన్ పేరు, ఫోన్ నంబరు, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో తెలుగులో రాసి ప్రతి ప్రభుత్వ, ప్రైవేట్ ఆసుపత్రి రిసెప్షన్‌లో, ప్రతి ఏఆర్‌టీ సెంటర్‌లో పెట్టండి. ఫిర్యాదు మీద 30 రోజుల్లో, ప్రాణం మీదికొచ్చిన వైద్యం అయితే వీలైనంతవరకు 24 గంటల్లో ఆర్డర్ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అంబుడ్స్‌మన్ ఆర్డర్ పాటించకపోతే పదివేల దాకా జరిమానా, ఇంకా పాటించకపోతే రోజుకి ఐదువేల దాకా. ఇవేవీ జనానికి తెలియకపోతే ఆ కాగితం దేనికి?

2. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి వైద్య సంస్థలో కంప్లయింట్స్ ఆఫీసర్ ఉండాలి, 21వ సెక్షన్. జిల్లా వైద్యాధికారులు నర్సింగ్ హోమ్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఫైర్ ఎన్ఓసీ అడుగుతారు కదా, ఈ ఆఫీసర్ పేరు కూడా అడగండి. పేరు లేకపోతే రెన్యువల్ ఆపండి.

3. "వైరల్ మార్కర్స్" అని చెప్పి గుట్టుగా టెస్ట్ చెయ్యడం ఆపండి. చెయ్యాల్సి వస్తే మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఫైళ్ళ మీద స్టిక్కర్లు, మంచాలకి బోర్డులు, "రెట్రో" (హెచ్ఐవీకి ఆసుపత్రుల్లో వాడే మాట) అని వార్డంతా వినపడేలా కేకలు, ఇవన్నీ రేపటి నుంచే తీసెయ్యొచ్చు, దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

4. హెచ్ఐవీ కిట్ పేరుతో వేసే ఎక్స్‌ట్రా బిల్లు రద్దు చెయ్యండి. గ్లౌజులు, కళ్ళద్దాలు అందరికీ వాడాల్సినవే అయినప్పుడు ఒక్కరి దగ్గరే ఎలా వసూలు చేస్తారు? ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎవరైనా ఇలా చేస్తే, లేదా హెచ్ఐవీ ఉందని వెనక్కి పంపితే, వాళ్ళని ప్యానెల్ నుంచి తీసెయ్యాలి.

5. నర్సులు, థియేటర్ టెక్నీషియన్లు, ఆయమ్మలు, బయోమెడికల్ వేస్ట్ మోసేవాళ్ళు, అందరికీ హెపటైటిస్-బి టీకా యాజమాన్యం ఖర్చుతో. పెప్ మందు 24 గంటలూ అందుబాటులో. సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో గోడ మీద రాసి ఉండాలి. వాళ్ళ భయం తగ్గకుండా మా మీద వివక్ష తగ్గదు, అది నాకూ తెలుసు. పెద్ద డాక్టర్లు చెయ్యనంటే వాళ్ళ ప్రాక్టీస్‌కి ఏం కాదు, కాంట్రాక్ట్ మీద పనిచేసే ఆయమ్మకి మాత్రం రెండు జతల గ్లౌజులు కూడా సరిగ్గా ఇవ్వరు, మరి ఆమె దుప్పటి మార్చడానికి రాలేదని ఆమెని తిట్టి ఏం లాభం.

6. కాన్పుకి వచ్చిన పాజిటివ్ గర్భిణిని ఏ ఆసుపత్రీ, ఏ కారణం చెప్పీ, తిప్పి పంపకూడదని రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా సర్క్యులర్ ఇవ్వాలి. నెవిరాపిన్ సిరప్ ప్రైవేట్ లేబర్ రూముల్లో కూడా ఉండేలా ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీలు సప్లై చెయ్యాలి. తిప్పి పంపిన ప్రతి కేసు మీదా విచారణ జరగాలి.

7. మెడికల్ అసోసియేషన్ల పెద్దలకి ఒక్క విన్నపం. డాక్టర్ల మీద దాడి జరిగితే మీరు రోడ్డెక్కుతారు, ఎక్కాలి కూడా, మేమూ మీ వెనకే ఉంటాం. మీ సభ్యుల్లో ఒకరు ఇలా పేషెంట్‌ని వెనక్కి పంపినప్పుడు కూడా ఒక నోటీసు ఇవ్వండి. నెలనెలా జరిగే మీ మీటింగుల్లో ఒకసారి ఆ టీచింగ్ ఆసుపత్రి సర్జన్ లాంటివాళ్ళని పిలిచి ఎలా చేస్తున్నారో చెప్పించండి, నాలాంటివాడు చెప్పేదానికంటే మీ తోటి డాక్టరు చెప్తే వింటారు.

మా ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారో, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో, రాతలో జవాబు కావాలి. రాకపోతే సమాచార హక్కు కింద అడుగుతాం, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం, అవసరమైతే కోర్టుకి. కోర్టులో పేరు బయటపెట్టకుండా కేసు నడిపించుకునే హక్కు కూడా ఈ చట్టం అక్కకి ఇచ్చింది, 34వ సెక్షన్. ఆ సంగతి తెలిశాకే ఆమె సరే అంది. ఇలాగే వెనక్కి పంపబడ్డవాళ్ళు ఇది చదువుతుంటే మీ డిశ్చార్జ్ కాగితాలు, బిల్లులు, రిఫరల్ చీటీలు పారెయ్యకండి, తేదీలతో సహా దాచిపెట్టుకోండి, పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పేషెంట్ తమ్ముడు

ప్రతులు: రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖ మంత్రుల కార్యాలయాలకి, రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీల ప్రాజెక్ట్ డైరెక్టర్లకి, రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ళకి, మానవ హక్కుల కమిషన్లకి, ఇంకా మా జిల్లా ఆఫీసులో ఆ క్లర్క్ గారికి, ఫైల్‌లో పెట్టుకోడానికి.